పిడి లోపల పసుపు అతుకు

పోయినవారం నా షెడ్డు గేటు కిర్రుమన్న చోట కథ ఆపాను. ఇన్నాళ్ళూ చదవనివాళ్ళు ఇవాళే వచ్చి కూర్చున్నారేమో, వాళ్ళకోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. తెలిసినవాళ్ళు ఈలోగా టీ పెట్టుకు రండి.

మా ఊరు వాటిల్ క్రీక్‌లో ఇనుప చొక్కాలు తొడుక్కుని, మొద్దు కత్తులతో పాతకాలపు యుద్ధాలు ఆడే దళం ఒకటుంది. నవ్వేవాళ్ళు నవ్వండి. పక్క ఊళ్ళో పెద్దమనుషులు పచ్చిక మీద బంతులు దొర్లిస్తారు, మేం కత్తులు తిప్పుతాం. మా అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు గార్త్ లవెల్. ఏళ్ళ క్రితం ఓ చలికాలం, ఫుట్‌బాల్ మైదానంలో ఊరంతా చూస్తుండగా, పిడి అతని చేతిలోనే ఉండి కత్తి అలుగు మాత్రం ఊడి ఎగిరింది. ఎదురుగా ఉన్న క్లెమ్ హార్క్‌నెస్ ఎడమ కన్ను పోయింది. పిడి చివరి నట్టు బిగించుకోలేదు, తప్పు నాదే అని గార్త్ అక్కడికక్కడే చెప్పాడు. మా దళంలో అంతకు మించిన నేరం లేదు. మా దళం హాలు గోడ మీద అతని పేరున్న పలక తీసేశారు. అతను మళ్ళీ మైదానం మొహం చూడలేదు, మొన్న మార్చిలో పోయాడు.

మాలో ఎవరైనా పోతే వాళ్ళ కత్తిని ఇంటివాళ్ళు రెండు చేతుల మీదా మోస్తూ మైదానం చుట్టూ తిరుగుతారు. మిగతావాళ్ళు వరసగా నిలబడి డాళ్ళు చరుస్తారు. తర్వాత ఆ కత్తి హాల్లో గోడకెక్కుతుంది, కింద పేరు రాస్తారు. గార్త్ కూతురు మెరిన్ తండ్రికి ఆ మర్యాద కావాలంటోంది, అదీ వచ్చే శనివారం ప్రదర్శనలోనే. మా కెప్టెన్ ఇడ్రిస్ పెన్రోజ్ రెండు షరతులు పెట్టాడు. కత్తికి తుప్పు వదలాలి, క్లెమ్ సరేననాలి. మొదటిది నా బల్ల మీద నడుస్తోంది. రెండోదాని కోసం ఎవరు ఎప్పుడు వెళ్ళి అడగాలా అని మేం తన్నుకుంటుంటే, క్లెమ్ తనంతట తానే వచ్చి నా గేటు తీశాడు.

అతను రాకముందు ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పకపోతే మీకు సగం కథే తెలుస్తుంది.

ఆ కత్తి నకలు. ఎక్కడో ఫ్యాక్టరీలో, పాతదాన్ని చూసి పోతపోసినట్టు చేసిన సరుకు. మ్యూజియం వాళ్ళు దాన్ని గడప కూడా తొక్కనివ్వరు. అయినా దాన్ని చూసినప్పటినుంచీ నాకు గార్త్ మీద ఒళ్ళు మంటగా ఉంది. కత్తిని తోలు ఒరలో దాచకండి, తోలు చెమ్మ పీల్చి ఇనుముని తినేస్తుంది అని మాకందరికీ నేర్పింది అతనే. కొత్తవాళ్ళెవరైనా మర్చిపోయి ఒరలో వదిలేస్తే నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. అలాంటి మనిషి తన కత్తిని తోలు ఒరలో కుక్కి, షెడ్డు దూలం మీద పడేసి, చచ్చేదాకా తియ్యలేదు. ఒర కోసి తీస్తే లోపల నాకు కత్తి కనపడలేదు, కత్తి ఆకారంలో తుప్పు కనపడింది.

దానికి మంత్రాలేమీ లేవు, ఓపిక ఉండాలంతే. కిరోసిన్లో ముంచిన గుడ్డ చుట్టి నానబెట్టడం, స్టీలు పీచుతో పైపొర వదిలించడం, ఆ తర్వాత గరుకు కాగితం, అదీ అలుగు పొడవునే తప్ప అడ్డంగా కాదు. అడ్డంగా రుద్దావా, ఆ గీతలు జన్మలో పోవు. మెరిన్ రోజూ పని ముగించుకుని నేరుగా నా షెడ్డుకే వచ్చేది. కుర్రతనం కదా, తొందర.

"ఆంటీ, ఆ తిరిగే ఇనప బ్రష్షు పెడితే ఒక్క పూటలో అయిపోద్ది కదా," అంది ఆ పొద్దున, పనికి సెలవు పెట్టి వచ్చి.

"అయిపోద్ది. కత్తి కూడా అయిపోద్ది," అన్నాను.

నా నోరు మంచిది కాదని ఊళ్ళో అందరూ అంటారు. కానీ ఆ పొద్దున ఆ బ్రష్షు పెట్టి ఉంటే ఈ కథే లేదు. పిడి చివర ఇనప గుండు ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది నట్టు. అక్కడ తుప్పు పెంకు కట్టుకుపోయింది. నేను పుల్లకి దూది చుట్టి, నూనెలో ముంచి, చంటిపిల్ల చెవి శుభ్రం చేసినట్టు కొంచెం కొంచెంగా తీస్తున్నాను. ఒకచోట ఎర్రగా కనపడింది. తుప్పు ఎరుపు కాదు, గోళ్ళ రంగు ఎరుపు.

అదేమిటో మా దళంలో పసిపిల్లనడిగినా చెప్తుంది. సీజను మొదట్లో నట్టు బిగించాక, నట్టు మీదినుంచి గుండు మీదికి ఒకే గీత గీస్తాం. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది. ఎంతమంది ఎన్నిసార్లు కొట్టుకున్నా, గీత కలిసి ఉందంటే నట్టు కదల్లేదని లెక్క. గార్త్ గీసిన గీత ఆ తుప్పు కింద చెక్కుచెదరకుండా ఉంది. నట్టు మీది సగానికి గుండు మీది సగం సూటిగా కలిసింది.

మెరిన్ పక్కనున్న పెయింటు డబ్బా మీద కూలబడింది. నట్టు వదులవలేదు. అంటే ఆమె తండ్రి చెయ్యని తప్పుకి అన్నేళ్ళు తల దించుకున్నాడు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను గానీ ఏడవలేదు. ఇడ్రిస్‌ని వెంటబెట్టుకొస్తాను, ఆయన కళ్ళముందే పిడి విప్పుదాం, అసలు ఊడిందేమిటో ఆయనే చూస్తాడు అంది. ఇడ్రిస్ ఒకప్పుడు కరెంటు ప్లాంటులో పనిముట్లు చేసినవాడు, ఇనుము విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. వచ్చేటప్పుడు అవిసె నూనె, బేకరీలో మాంసం పైలు తెమ్మని చెప్పి పంపాను. ఆమె కారు మలుపు తిరిగిందో లేదో గేటు కిర్రుమంది.

క్లెమ్‌కి ఒక అలవాటుంది. ఎక్కడ నిలబడినా కుడివైపు మనకి పెట్టి నిలబడతాడు. ఆ రోజు మాత్రం నేరుగా ఎదురుగా నిలబడ్డాడు. టోపీ తీశాడు. బల్ల మీది కత్తిని చూసి తుప్పు బాగా వదిలిందన్నాడు. చలి గురించి ఓ మాటన్నాడు, నా పొయ్యి గురించి ఓ మాటన్నాడు. మేమిద్దరం ఎదురుపడితే ఒకరినొకరు ఎత్తిపొడుచుకోకుండా ఉండం, అలాంటిది అతను నా టీని కూడా వెక్కిరించకుండా తాగాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

గార్త్ కత్తిని మోసుకెళ్ళడానికి తనకి అభ్యంతరం లేదన్నాడు. పలక కూడా తిరిగి పెట్టమని ఇడ్రిస్‌కి తనే చెప్తానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఒక మాట కలిపాడు.

"పిడి మాత్రం విప్పకు, ఊనా. పైపైన మెరుగు పెట్టి ఇచ్చెయ్."

"ఎందుకు?"

"పాత చెక్క. విప్పితే పగుల్తది."

పిడి చెక్క పగిలితే ఇంకో చెక్క చెక్కుకుంటాం. కొత్త పిడి వెయ్యని కత్తి మా దళంలో ఒక్కటి లేదు, ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. నేనేమీ వాదించలేదు. కత్తి తిప్పి, ఆ ఎర్రగీత చూపించాను. క్లెమ్ వంగి, ఉన్న ఒక్క కన్నూ దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. ఇడ్రిస్‌ని తీసుకురావడానికి మెరిన్ వెళ్ళిందని చెప్పాను. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. 

"అయితే ఇప్పుడే విప్పు. వాళ్ళకంటే ముందు నువ్వు చూడు," అన్నాడు.

ఇడ్రిస్ వచ్చేదాకా ముట్టనని ఆ పిల్లకి మాటిచ్చాను. కానీ విప్పొద్దన్న మనిషే విప్పమంటుంటే చేతులు ముడుచుకు కూర్చోవడం నావల్ల కాలేదు. రేపెవరూ గీత లేదనకుండా ముందు నాలుగువైపులనుంచీ ఫోన్లో ఫొటోలు తీశాను. తర్వాత పానా వేసి, దానికి గొట్టం తగిలించి, ఒళ్ళంతా బరువేస్తే నట్టు తిరిగింది. గుండు వచ్చింది. కుళ్ళిన తోలు కోసి, పిడి చెక్క చీల్చి తీశాను. పిడికీ అలుగుకీ మధ్యనుండే అడ్డకమ్మీని చెక్క సుత్తితో చుట్టూ తట్టితే, అలుగు మెల్లగా జారి నా చేతిలోకొచ్చింది.

కత్తికి తోక ఉంటుంది, పిడి లోపల దూరి బయటికి కనపడకుండా ఉండేది. ఆ తోక రెండుగా విరిగి ఉంది. ఒక ముక్క అలుగుతో వచ్చింది, రెండోది పిడిలో ఉండిపోయింది. రెండూ తుప్పుతో నల్లగా, మసిపట్టిన పెనంలా ఉన్నాయి. విరిగిన చోట మాత్రం రెండింటి మీదా పసుపుపచ్చగా మెరుస్తోంది. ఇత్తడి. ఇత్తడికి తుప్పు పట్టదు కదా.

ఎవరో అంతకుముందే విరిగిన తోకని ఇత్తడితో అతికారు. ఉక్కుని అంత ఎర్రగా కాల్చి అతికితే దాని బిగువు చచ్చిపోతుంది, అతుకు పక్కన మెత్తబడిపోతుంది. గోడకి తగిలించుకునే కత్తికైతే చెల్లుతుంది. దెబ్బకి దెబ్బ తగిలే కత్తికి అది ఉరితాడే. ఇక ఆ అతుకు, ఎంత నున్నగా, ఎంత పొందిగ్గా వేసి ఉందంటే, చుట్టుపక్కల అలా వెయ్యగల చెయ్యి ఒకటే ఉంది. పాల డైరీల్లో నీళ్ళ గొట్టాలు పగిలినా, ట్రాక్టరు ముక్కలు విరిగినా అందరూ పరిగెత్తేది ఆ చెయ్యి దగ్గరికే.

"ఇది నీ పనే," అన్నాను.

"నా పనే."

నేను అతని మొహంలోకి చూడలేకపోయాను, ఆ పసుపునే చూస్తూ నిలబడ్డాను. తన కన్ను తీసింది తన అతుకే. ఆ సంగతి తెలిసి కూడా, ఇంకో మనిషిని ఊరంతా వెలేస్తుంటే నోరు మెదపలేదు. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

"గార్త్ అంతా నెత్తినేసుకుంటే నువ్వు చూస్తా కూర్చున్నావు."

"ఒంటికన్నుతో చూశా. అవును."

మావాళ్ళ హాస్యం ఇలాగే ఉంటుంది, నవ్వాలో చెంప పగలగొట్టాలో తెలీదు. నేను రెండూ చెయ్యలేదు. అతనే మెల్లగా చెప్పుకొచ్చాడు. కన్ను పోయిన ఆ ప్రదర్శనకి ముందు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, ఎవరో కత్తిని తువ్వాల్లో చుట్టుకుని, సైకిలు మీద అతని వర్క్‌షాపుకి వచ్చారట. కంచె గుంజని శత్రువనుకుని కొడితే తోక పగిలిందట. గార్త్ తన కత్తిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయనకి చెప్పొద్దని ఏడ్చి బతిమాలితే క్లెమ్ కరిగిపోయి అక్కడే అతికిచ్చాడట. పిల్ల ఏడుపు ఆగితే చాలు, నాలుగు రోజులాగి గార్త్‌కి తనే నిజం చెప్పి కొత్త అలుగు తెప్పిద్దాం అనుకున్నాడట. ఇవాళ రేపు అంటుండగానే చలికాలం వచ్చిందట.

పిల్ల అన్నాడు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

"మెరినేనా?"

క్లెమ్ తలూపాడు. అప్పుడు ఆ పిల్లకి పన్నెండో పదమూడో ఉంటాయన్నాడు.

"గార్త్ అలుగు తియ్యగానే పసుపు చూశాడు, ఊనా. నా చెయ్యని తెలిసిపోయింది. నేను కింద పడి నెత్తురోడుతున్నా. నన్ను కాపాడదామని నట్టు అని అరిచి, ఊడిన అలుగుని మళ్ళీ పిడిలోకి దోపి ఒరలో పెట్టేశాడు. ఆస్పత్రికొచ్చి తలుపేసి, ఎవరు విరగ్గొట్టారని అడిగాడు. చెప్పా. నా మంచం పక్కన కూర్చున్నాడు. లేచి, 'నట్టన్నాను కదా, నట్టే. చిన్నపిల్ల ఒక మనిషి కన్ను మోస్తా పెరగకూడదు' అన్నాడు. అంతే. ఇంక ఆ మాట మేం ఎత్తలేదు."

నకలు కత్తే, దెబ్బ మాత్రం నకలు కాదు. తోలు ఒర ఎందుకో నాకప్పుడు అర్థమైంది. అతను మర్చిపోలేదు. ఆ పసుపుని ఎవరూ చూడకుండా తుప్పు తినేస్తుందని, తెలిసి తెలిసి అందులో పెట్టాడు. తుప్పు అన్నిటినీ తింది, దాన్ని ఒక్కదాన్నే తినలేకపోయింది. అన్ని రోజులుగా ఆ మనిషిని మనసులో తిట్టుకుంటూ రుద్దినందుకు నాకు సిగ్గేసింది. గార్త్ మీద గొప్ప ప్రేమ పుట్టుకొచ్చింది, ఆ ప్రేమని చెప్పుకోవడానికి అతను లేడు.

కొత్త చెక్క వేసి మూసెయ్యమన్నాడు క్లెమ్. తుప్పులో అరిగి తోక విరిగిందని ఇడ్రిస్‌కి చెబుదామన్నాడు. ఆయన ఇనుము చదివినవాడు, ఒక్క చూపులో పట్టేస్తాడన్నాను. అయితే తప్పంతా తన మీద వేసుకుంటానన్నాడు, సొంత సరదాకి కత్తి తీసుకెళ్ళి విరగ్గొట్టానని చెప్తానన్నాడు.

"మళ్ళీ ఇంకో అబద్ధమా?" అన్నాను.

"మూస్తే గార్త్ దోషిగానే ఉండిపోతాడు, పోయినోడికి నొప్పి లేదు. తెరిస్తే ఆ పిల్ల. నువ్వే చెప్పు."

 తండ్రి పేరు కడగడానికే ఆ పిల్ల చేతులు పగిలేలా ఇన్నాళ్ళూ తుప్పు రుద్దింది. ఆ పేరు కడిగితే వచ్చే మట్టి అంతా ఆమె మీదే పడుతుంది. తెలియకుండా బతకనిస్తే మంచిదా, తెలుసుకునే హక్కు ఆమెకుందా? గార్త్ ఒక నిర్ణయం తీసుకున్నాడు, కానీ అతను తీసుకున్నది చిన్నపిల్ల గురించి. ఇప్పుడు ఆమె పెద్దదైంది, సొంత కారు నడుపుతోంది, కెప్టెన్‌తో సరిసమానంగా వాదిస్తోంది. నాకు పిల్లల్లేరు. ఉన్నవాళ్ళకైతే ఇది తేలిగ్గా తెలుస్తుందేమోననిపించింది.

బయట కారు ఆగింది. నేను నూనెగుడ్డ తీసి ఆ రెండు ముక్కల మీదా కప్పాను. అది నిర్ణయం కాదు, చేతులు వాటంతటవే చేసిన పని.

మెరిన్ ముందు వచ్చింది, చేతిలో పైల సంచీ. వెనక ఇడ్రిస్, కర్ర పట్టుకుని, ఎప్పటిలాగే మెల్లగా. క్లెమ్‌ని చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. నేను తీసుకొద్దామనుకుంటే నువ్వే వచ్చేశావా అంటూ వెళ్ళి భుజం పట్టుకుంది. పిడి విప్పేశారా, నా కోసం ఆగలేదా అని నన్ను కోప్పడింది. అందరికీ పైలు పంచింది. ఎవరం తినలేదు.

"దారిలో నాకొకటి గుర్తొచ్చింది, ఆంటీ. ఇడ్రిస్‌కి కార్లోనే చెప్పా," అంది. "చిన్నప్పుడు నేను ఈ కత్తి దొంగతనంగా తీసుకెళ్ళి విరగ్గొట్టా. క్లెమ్ నాన్నకి తెలీకుండా బాగుచేసిచ్చాడు. గుర్తుందా క్లెమ్? ఎంత గట్టిగా చేశావంటే, చలికాలం దాకా దాంతో ఆడినా నాన్న కనిపెట్టనే లేదు. కత్తి లోపల ఎలా ఉందో నీకు తెలుసు. నాన్న దాన్నెంత జాగ్రత్తగా చూసుకునేవాడో నువ్వే చెప్పాలి, నువ్వు చెప్తే అందరూ నమ్ముతారు."

క్లెమ్ కప్పులోకి చూస్తున్నాడు. ఇడ్రిస్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. దారంతా ఆలోచిస్తూ వచ్చినట్టున్నాడు, మొహం పాలిపోయి ఉంది.

"అతుకు ఎక్కడేశావు, క్లెమ్?" అన్నాడు.

 అతని బదులు మెరినే చెప్పింది.

"తోక మీద. బంగారంలా మెరిసింది, నేను పక్కనే ఉన్నాగా."

అని గుడ్డ తీసేసింది.

 అలుగు ఒక చేతిలోకి, విరిగిన తోక ఇంకో చేతిలోకి తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో పసుపుని పసుపుకి ఆనించింది. రెండూ సరిగ్గా కలిశాయి. వాటిని విడదీసి మళ్ళీ కలిపింది.  ఆమె నా వైపు గానీ ఇడ్రిస్ వైపు గానీ తిరగలేదు, క్లెమ్‌కి ఎడమవైపు, ఆ కన్ను లేనివైపు వెళ్ళి నిలబడింది.

"నాన్నకి తెలుసా?" అంది.